బెండు కదిలే లోపు

బందరు కాలువ గట్టు మీద గాలం వేయడం నాకు నేర్పింది మా తాతయ్య. పశువుల పాక వెనక తడిమట్టి తవ్వితే ఎర్రలు దొరికేవి. వాటిని కొబ్బరి చిప్పలో వేసుకుని, వెదురు కర్ర భుజాన పెట్టుకుని, పొద్దు వాలాక బయల్దేరేవాళ్ళం. దారానికి జీలుగు బెండు ముక్క కట్టి ఉండేది. గాలం నీళ్ళలో పడ్డాక ఇక చేసేదేమీ ఉండదు, ఆ బెండు వంక చూస్తూ కూర్చోవడమే. నాకా ఓపిక ఉండేది కాదు. రెండు నిమిషాలకోసారి కర్ర పైకి లాగి చూసేవాణ్ణి. "ఊరికే లాగకురా, పడితే బెండే చెబుతుంది" అనేవాడు తాతయ్య. పడిన రోజున గంటకు ఒక జెల్లో నాలుగు పరిగెలో పడేవి. కొర్రమీను పడిన సాయంత్రం ఇంట్లో పండగే. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజులు మాత్రం చాలా ఎక్కువ. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేవాళ్ళం.

ఈ మధ్య ఒక ఆదివారం నా ఫోనే నాకు ఒక లెక్క చూపించింది. ఆ వారం రోజుకు సగటున మూడు గంటల పైచిలుకు నేను ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల మధ్య తిరిగానట. అదే వారంలో చెట్టు కిందో నీటి ఒడ్డునో ఎంతసేపు ఉన్నానని నేనే లెక్క వేసుకున్నాను. వేళ్ళ మీద ఎంత సాగదీసినా గంట తేలలేదు. పుట్టిన ఊరికి పదకొండు కిలోమీటర్లలో సముద్రం, ఊళ్ళోనే కాలువ, చుట్టూ పచ్చని వరి చేలు ఉన్నవాణ్ణి.

ఈ రెండు అంకెలూ చూశాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. ఫోను చెడ్డది, ప్రకృతి మంచిది, కాబట్టి ఇందులోంచి తీసి అందులో వేయాలి. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మెదడు మీద జరిగిన పరిశోధనలు చదువుతూ పోతే, కాలువ గట్టు మీద బెండును చూస్తూ కూర్చున్న పిల్లవాణ్ణీ, మంచం మీద పడుకుని బొటనవేలితో తెరను పైకి తోస్తున్న పెద్దవాణ్ణీ కూర్చోబెట్టిన శక్తి ఒకటేనని తెలిసింది. తేడా ఉంది, అది చాలా పెద్ద తేడా. అయితే నేను అనుకున్న చోట లేదు.

వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీ శాస్త్రవేత్త కోతులతో చేసిన ప్రయోగాల దగ్గర మొదలుపెట్టాలి. మెదడు అడుగు భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు కొన్ని ఉంటాయి. కోతి నోట్లో అనుకోకుండా పళ్ళరసం చుక్క పడితే ఆ కణాలు ఒక్కసారిగా చురుకవుతాయి. తర్వాత చుక్క పడే ముందు ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టారు. కోతి ఆ సంగతి నేర్చుకున్నాక కణాలు దీపం వెలగగానే స్పందించడం మొదలుపెట్టాయి, రసం పడినప్పుడు మాత్రం కదల్లేదు. దీపం వెలిగి రసం పడకపోతే, సరిగ్గా పడవలసిన ఆ క్షణానికి కణాల చురుకు మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్ట్జ్ 1997లో సైన్స్ పత్రికలో దీనికి అర్థం చెప్పాడు. ఈ కణాలు లెక్క కట్టేది సుఖాన్ని కాదు, అంచనాకూ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాను. డోపమైన్‌ను ఆనంద రసాయనం అని రాసేవాళ్ళు ఈ ఒక్క మాట మరిచిపోతారు.

2003లో క్రిస్టఫర్ ఫియోరిల్లో, ఫిలిప్ టోబ్లర్‌లతో కలిసి ఆయన ఇంకో అడుగు వేశాడు. ఈసారి తెర మీద బొమ్మలు చూపించారు. ఒక బొమ్మ వస్తే రసం ఖాయం, ఒకటి వస్తే అసలు లేదు, ఇంకొకటి వస్తే సగం సార్లు పడుతుంది, సగం సార్లు పడదు. ఖాయమైన బొమ్మకు కణాలు ఒకసారి స్పందించి ఊరుకున్నాయి. సగం సగం బొమ్మ వచ్చినప్పుడు మాత్రం, బొమ్మ కనిపించిన దగ్గర నుంచి ఫలితం తేలే దాకా వాటి చురుకు మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. పడుతుందో పడదో తెలియని ఎదురుచూపులోనే అది అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది.

అది చదివినప్పుడు నాకు జీలుగు బెండు గుర్తొచ్చింది. పడుతుందో, పడదో. తాతయ్యా నేనూ ఒట్టి చేతులతో వచ్చి మర్నాడు మళ్ళీ ఎందుకు వెళ్ళేవాళ్ళమో ఆ కోతుల మెదడు చెప్పినట్టయింది. అదే అనిశ్చితి తెర మీదా ఉంది. తోస్తే వచ్చేది మనవడి ఫొటో కావచ్చు, ఎవరిదో తిట్టు కావచ్చు, కడుపుబ్బ నవ్వించే వీడియో కావచ్చు, ఏమీ కాకపోవచ్చు.

మరి తేడా ఎక్కడుంది? దీనికి జవాబు ఇంకా పాతది. బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి 1957లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. పెట్టెలో ఉంచిన పావురం ఒక బిళ్ళను ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. ఏ నియమం ప్రకారం వస్తాయి అన్నదాన్ని మార్చి మార్చి చూసి, ఆ పావురాల ప్రవర్తన అంతా గీతలుగా అచ్చువేశారు. అందులో రెండు నియమాలు మనకు కావాలి. మొదటిదానిలో గింజ రావడం పొడిచిన లెక్క మీద ఆధారపడుతుంది, కానీ ఎన్నో పొడుపుకు వస్తుందో తెలియదు. ఒకసారి మూడుకు, ఒకసారి నలభైకి. ఎంత ఎక్కువ పొడిస్తే అన్ని ఎక్కువ గింజలు. రెండో నియమంలో గింజ రావడం గడిచిన కాలం మీద ఆధారపడుతుంది, అది కూడా ఎంతసేపో తెలియదు. ఈలోపు వందసార్లు పొడిచినా ఒకటే, ఊరుకున్నా ఒకటే.

ఈ రెండు నియమాల కింద ఒకే పావురం ఇద్దరు వేర్వేరు మనుషుల్లా ప్రవర్తించింది. కాలం మీద నడిచే నియమంలో నెమ్మదిగా, ఒక్క తీరుగా, అప్పుడొకటి అప్పుడొకటి పొడుస్తూ ఉండేది. లెక్క మీద నడిచే నియమంలో ఊపిరి తిప్పుకోకుండా పొడిచేది. గింజ దొరికాక కూడా ఆగేది కాదు.

గాలం మొదట్నుంచీ కాలం చేతిలో ఉన్నది. చేప తనకు తోచినప్పుడు వస్తుంది. నేను కర్రను పదిసార్లు లాగినంత మాత్రాన పది చేపలు పడవు, పైగా ఉన్న చేప బెదిరిపోతుంది. "ఊరికే లాగకురా" అన్న మా తాతయ్య మాటలో స్కిన్నర్ గ్రంథంలోని ఒక అధ్యాయం ఉంది. తెర అలా కాదు, అది పొడుపుల లెక్క మీద నడుస్తుంది. ఎంత తోస్తే అంత వస్తుంది, ఎప్పటికీ అయిపోదు. ఒకప్పుడు పేజీ చివర ఆగి, తర్వాతి పేజీ కావాలా అని అడిగేది. అలా అడగకుండా కిందికి పోతున్నకొద్దీ కొత్తది పుట్టుకొచ్చే ఏర్పాటును 2006లో రూపొందించినవాడు ఏజా రాస్కిన్. తర్వాత అతనే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు.

లైకులు వచ్చాయేమోనని మాటిమాటికీ ఫోన్ తెరవడం మాత్రం గాలం జాతిదే. ఎన్నిసార్లు తెరిచినా అవి రావలసినప్పుడే వస్తాయి. ఆ పిచ్చి మనకు అంత బరువు కాదనీ, తోస్తూ పోవడమే అసలు బరువనీ నా అనుభవం.

గాలం వేసి కూర్చున్నవాడికి రెండు చేపల మధ్య ఇరవై నిమిషాలో ముప్పై నిమిషాలో ఎడం ఉంటుంది. ఆ ఎడంలో ఏం జరుగుతుంది? తూనీగ వచ్చి కర్ర కొస మీద వాలుతుంది. అవతలి గట్టున లకుముకిపిట్ట తీగ మీంచి నీళ్ళలోకి దూకి లేస్తుంది. గుర్రపుడెక్క గుత్తి ఒకటి నెమ్మదిగా కొట్టుకుపోతుంది. వీటిలో దేన్నీ మనం పట్టుబట్టి చూడం, అలాగని చూడకుండానూ ఉండం. మిచిగన్ విశ్వవిద్యాలయంలో రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు తమ పరిశోధన చాలావరకు ఈ స్థితి చుట్టూనే చేశారు. 1989లో వాళ్ళు రాసిన పుస్తకంలోని ఊహ ఇది. పద్దులు కూడేటప్పుడు, రద్దీలో బండి నడిపేటప్పుడు, పరీక్షకు చదివేటప్పుడు మనం ధ్యాసను బలవంతంగా ఒకచోట పట్టి ఉంచుతాం. మిగతా వాటిని అడ్డుకోవడానికి మెదడు శ్రమపడాలి, అందుకే అది అలిసిపోతుంది. పారే నీళ్ళు, ఊగే కొమ్మలు, మబ్బులు ధ్యాసను మెత్తగా లాగుతాయి. అడ్డుకోవలసింది ఏమీ ఉండదు. అలిసిన భాగానికి ఆ కాసేపూ సెలవు దొరుకుతుంది.

తెర కూడా ధ్యాసను లాగుతుంది కదా, మనం శ్రమపడకుండానే గంట గడిచిపోతుంది కదా అని అడగవచ్చు. నిజమే. అందుకే కప్లాన్‌లు లాగుడులో రెండు రకాలు చెప్పారు. కారు పందెం, పోట్లాట, టీవీ లాంటివి ధ్యాసను గట్టిగా, మొత్తంగా పట్టుకుంటాయి, సొంత ఆలోచనకు చోటు మిగల్చవు. నీటి ఒడ్డు కొంత పట్టుకుని కొంత వదులుతుంది. ఆ వదిలిన చోట రేపటి పనో, పాత తగాదానో, చచ్చిపోయిన మనిషో మనసులోకి వచ్చి పోతారు.

ఈ ఊహను పరీక్షకు పెట్టినవాళ్ళు మార్క్ బెర్మన్, జాన్ జొనైడిస్, స్టీఫెన్ కప్లాన్. వాళ్ళ ప్రయోగం 2008లో అచ్చయింది. ముప్పై ఎనిమిది మంది విద్యార్థులకు ముందు మెదడు అలిసే పని పెట్టి, యాభై నిమిషాల పైన నడవమని పంపారు. ఒక వారం ఆన్ ఆర్బర్‌లోని వృక్షోద్యానంలో, ఇంకో వారం అదే ఊరి రద్దీ రోడ్డు మీద. నడక ముందూ తర్వాతా ఒక పరీక్ష పెట్టారు. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఎదుటివాళ్ళు 5, 2, 9, 4 అంటే మీరు 4, 9, 2, 5 అని చెప్పాలి. అంకెలు పెంచుకుంటూ పోతారు. చెట్ల మధ్య నడిచి వచ్చాక ఎక్కువ అంకెలు వెనక్కి చెప్పగలిగారు, రోడ్డు నడక తర్వాత చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. కొందరు గడ్డకట్టే జనవరి చలిలో నడిచారు, వాళ్ళకి ఆ నడక ఏమీ బాగా లేదు. అయినా మేలు అంతే జరిగింది. ఆనందం వేరు, ధ్యాస తేరుకోవడం వేరు. ఒట్టి చేతులతో వచ్చిన సాయంత్రాలు కూడా వృథా కాలేదన్నమాట.

ఇక సోషల్ మీడియా వైపు లెక్కలు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే భయపెట్టే మాటలు తేలిగ్గా అమ్ముడుపోతాయి. పెద్దగా హాని లేదన్న వైపు నుంచి ముందు చూద్దాం. ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 2019లో మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయసు పిల్లల సమాచారాన్ని జల్లెడ పట్టారు. పిల్లల మానసిక క్షేమంలో ఒకరికీ ఒకరికీ ఉన్న తేడాలో డిజిటల్ వాడకం వల్ల వివరించగలిగింది 0.4 శాతానికి మించలేదు. నిద్ర, ఉదయం తినడం లాంటివి అంతకంటే ఎంతో బరువైనవిగా తేలాయి. రెండో వైపు, నిజంగా ఆపించి చూసిన ప్రయోగాలు ఉన్నాయి. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులను తీసుకుని, కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు పది నిమిషాలకు మించకుండా మూడు వారాలు ఉండమన్నారు. వాళ్ళలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. ఆ ఏడాదే అమెరికా ఎన్నికల ముందు హంట్ ఆల్‌కాట్ బృందం రెండు వేల ఏడు వందల మందికి పైగా మనుషులతో ఇంకా పెద్ద ప్రయోగం చేసింది. డబ్బిచ్చి కొందరి చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించింది. రోజుకు సుమారు గంట మిగిలింది. మనసు కాస్త తేలికపడింది, కానీ ఎక్కువేమీ కాదు.

మిగిలిన ఆ గంట ఎక్కడికి పోయింది? ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో కొంత, ఒంటరిగా టీవీ ముందు కొంత. గంట దొరికినంత మాత్రాన కాళ్ళు వాటంతటవే కాలువ గట్టుకు పోవు. మన ఊళ్ళలో అయితే ఆ గంట సాయంత్రం సీరియల్ ఖాతాలో పడుతుందని నా అనుమానం.

మన పిల్లల సంగతికి వస్తే, దేశమంతా పల్లెల్లో జరిగే అసర్ సర్వే 2024లో 14 నుంచి 16 ఏళ్ళ వాళ్ళను అడిగింది. నూటికి ఎనభై మందికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్ళే. ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్ళు 76 శాతం. ఇది ఢిల్లీ, ముంబయి లెక్క కాదు. కోడూరు, నాగాయలంక లాంటి చోట్ల లెక్క.

ప్రకృతి వైపు ఎక్కువమంది చెప్పుకునే అంకె వారానికి నూట ఇరవై నిమిషాలు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ వైట్ బృందం ఇంగ్లండ్‌లో సుమారు ఇరవై వేల మంది జవాబులు చూసి 2019లో చెప్పింది. వారంలో రెండు గంటలు పార్కులోనో, అడవిలోనో, సముద్రపు ఒడ్డునో గడిపినవాళ్ళు, అసలు గడపనివాళ్ళ కంటే తమ ఆరోగ్యం బాగుందనీ బతుకు తృప్తిగా ఉందనీ ఎక్కువగా చెప్పారు. ఒక్కసారే రెండు గంటలైనా, రోజుకు కొంచెం కొంచెమైనా తేడా లేదు. అయితే ఆరోగ్యం బాగున్నవాళ్ళే బయటికి ఎక్కువ వెళ్తారేమో అన్న ప్రశ్న దీనిలో ఉండనే ఉంది. నాకు ఇంతకంటే నచ్చినది మ్యాపీనెస్ అనే ప్రయోగం, అది ఫోన్ సాయంతోనే జరిగింది. జార్జ్ మెకెరన్, సుసానా మొరాటో తయారు చేసిన యాప్ ఇరవై వేల మందికి పైగా మనుషులను రోజులో ఎప్పుడో ఒకప్పుడు పలకరించి, ఇప్పుడెంత సంతోషంగా ఉన్నారు అని అడిగింది. ఆ క్షణంలో వాళ్ళు ఎక్కడున్నారో ఉపగ్రహాల ద్వారా గుర్తించింది. పది లక్షలకు పైగా జవాబులు కలిపి 2013లో లెక్క తేలిస్తే అన్నిటికంటే పైన నిలిచింది సముద్రతీరం. నగరం నడిబొడ్డు కంటే నూటికి ఆరు మార్కులు ఎక్కువ.

ఆరు మార్కులు అని చదవగానే మా బందరు పక్కనున్న మంగినపూడి వైపు చూశాను. నల్లమట్టి తీరం, లోతు తక్కువ. పాటు తీసినప్పుడు నీళ్ళు దూరంగా పోయి బురద మెరుస్తుంది. కార్తీక పున్నమికి వేలమంది మునకలు వేసే చోటు. కానీ బ్రిటన్ మార్కులు ఇక్కడికి అలాగే తెచ్చి వేయడానికి నాకు మనసొప్పలేదు. ఈ తీరం ఒడ్డున కూర్చుని చూసేవాళ్ళది మాత్రమే కాదు. 1864 నవంబరులో తుఫాను బందరు మీదికి సముద్రాన్ని తెచ్చింది, ఊళ్ళో, చుట్టుపక్కల సుమారు ముప్పై వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన పదివేల దాకా ప్రాణాలు తీసుకుపోయింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఆ రాత్రిని చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. సముద్రం హోరు విని వాళ్ళ ఒళ్ళు తేలికపడుతుందని నేను చెప్పలేను. జూలై ఎండలో నాట్లు వేసే ఆడవాళ్ళు రోజుకు ఎనిమిది గంటలు ప్రకృతిలోనే ఉంటారు. వంగిన నడుముతో, కూలి కోసం. కప్లాన్‌లు చెప్పిన తేరుకోవడానికి మొదటి షరతు, రోజూ చేసే పని నుంచి దూరంగా ఉండటం. చేను వాళ్ళకు పని, సముద్రం బెస్తవాళ్ళకు పని. ఇంటికొచ్చి మంచం మీద వాలి ఒక అరగంట రీల్స్ చూస్తే వాళ్ళ దృష్టిలో అదే సెలవు. దాన్ని తప్పు పట్టే హక్కు ఏసీ గదిలో కూర్చుని వ్యాసం రాసే నాకు లేదు.

ఆ బెస్తవాళ్ళ పడవలో ఫోన్ ప్రాణం కాపాడే వస్తువు కూడా. 1977లో హెచ్చరిక అందవలసినంత ముందుగా, అందవలసినంత మందికి అందలేదు. ఈ రోజు బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ బంగాళాఖాతం మీది మబ్బుల్ని తిరిగి తిరిగి చూస్తూ ఉంటుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, గాలి, చేపలు ఎక్కడ దొరకవచ్చు అన్న సమాచారం పంపుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా బంధువుల ఇళ్ళలో అందరి చేతుల్లోనూ ఫోనే ఉంది, అందరూ చూస్తున్నది ఆ సుడి బొమ్మనే.

ఇంకొక సంగతి మా పిన్ని కూతురు చెబితే గానీ నాకు తట్టలేదు. గుడివాడలో ఉంటుంది. రోజూ సాయంత్రం కాసేపు బయట నడవకూడదా అని అడిగాను. "ఆరు దాటాక కాలువ గట్టు మీద ఒక్కదాన్నే నడిస్తే ఎక్కడికి, ఎందుకు అని వీధంతా అడుగుద్ది అన్నయ్యా. ఫోన్ చూసుకుంటే ఎవరూ ఏమీ అనరు" అంది. దాని మాట విన్నాక మన పంచాంగం గుర్తొచ్చింది. అట్లతద్ది నాడు తెల్లవారక ముందే లేచి ఆడపిల్లలు ఉయ్యాలలూగేవాళ్ళు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు ఇంటిల్లిపాదీ కదిలేది. బయట గడపడానికి ఆడవాళ్ళు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని రోజులు అవి. అవి ఏడాదికి ఒకటి రెండే అయినా, ఆ వెసులుబాటు నిజం. ఇప్పుడు వనభోజనాలు ఫంక్షన్ హాలు వెనక షామియానా కిందికి వచ్చాయి. ఊరి గట్లకు దీపాలు వేసి, కూర్చోవడానికి నాలుగు బల్లలు వేస్తే అది ఏ యాప్ చేయలేని పని చేస్తుందని నమ్ముతున్నాను.

పిల్లల విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు, ఎందుకంటే ఇక్కడ లెక్క మనసుది కాదు, కంటిది. మిట్ట మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. బాగా దీపాలున్న తరగతి గదిలో మూడొందలో, అయిదొందలో. అంటే వందల రెట్లు తేడా. ఎక్కువ వెలుతురు పడినప్పుడు కంటి లోపలి రెటీనాలో డోపమైన్ విడుదలవుతుంది. అదే డోపమైన్, ఇక్కడ దాని ఉద్యోగం వేరు. ఎదిగే కనుగుడ్డు మరీ పొడుగు సాగిపోకుండా అది అడ్డుకుంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. కనుగుడ్డు పొడుగైతే దూరం చూపు మందగిస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో పన్నెండు బడులు తీసుకుని, ఆరింటిలో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట క్లాసు పెట్టారు. మూడేళ్ళకు మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చింది, బయటికి పంపిన బడుల్లో 30.4 శాతానికే. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. ఆ పిల్లలకు తోటలూ సెలయేళ్ళూ చూపించలేదు, వట్టి ఆకాశం కిందికి పంపారు, అంతే. మన దగ్గర పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా ట్యూబులైట్ల కింద కూర్చోబెట్టి, ఆటస్థలం లేని మేడల్లో చదివించి, ఆదివారం ఇంటికొచ్చిన పిల్లవాడు ఫోన్ పట్టుకుంటే వాణ్ణి తిడుతున్నాం.

గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తే ఆటపాక దగ్గర చెరువులో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. కొల్లేటి పక్షులవి. అక్కడికి వచ్చే పిల్లల చేతుల్లోనూ ఫోన్లే. కొందరు పిట్ట ఫొటో తీసి దాని పేరు వెతికి, కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్‌లో చేరుస్తున్నారు. పేరు తెలిసిన పిట్ట మళ్ళీ కనిపిస్తే ఆగి చూస్తారు. ఆ వాడకానికీ, తోస్తూ పోయే వాడకానికీ పోలికే లేదు. ఈ పిల్లలు పిట్ట వచ్చేదాకా ఆగాలి. అక్కడ నియమం పిట్టది.

పోయిన ఏడు ఫాల్గుణంలో హంసలదీవి దాటి పాలకాయతిప్ప వైపు వెళ్ళాం. కృష్ణా అభయారణ్యం అక్కడి నుంచి మొదలు. 194 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవులు, పాయలు, బావురుపిల్లులు తిరిగే చోటు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. నక్కలూ కుక్కలూ తవ్వకుండా ఆ గుడ్లను తీసుకొచ్చి కంచె లోపల పూడ్చి కాపాడతారు. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఎక్కువగా చీకట్లోనే. సముద్రం ఎటుందో వాటికి ఎవరూ చెప్పరు. చీకట్లో నేల కంటే నీటి వైపు అంచు కాస్త తెల్లగా ఉంటుంది, ఆ తెలుపు వైపు పాక్కుంటూ పోతాయి. ఒడ్డున దీపం వెలిగితే సముద్రాన్ని వదిలి దీపం వైపు వస్తాయి.

తెల్లవారుజామున చేరుకున్నాం. కాపలా ఉన్న ముసలాయన ముందు చెప్పిన మాట, "ఫోన్లు జేబులో పెట్టేయండి బాబూ. ఒక్క లైటేశారంటే అయ్యన్నీ మీ కాళ్ళ కాడికి వచ్చేత్తాయి." ఆయన చేతిలో ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి ఉంది. కారులో దారి పొడుగునా ఫోన్ చూస్తూ వచ్చానేమో, మొదట నాకు ఏమీ కనిపించలేదు. పక్కనున్న మనిషి కూడా కనిపించలేదు. మసక వెలుతురు చూసే కణాల్లో ఒక రంగుపదార్థం ఉంటుంది. కాంతి తగిలితే అది విరిగిపోతుంది, చీకట్లో మళ్ళీ కూడుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో తెర వంక చూస్తే కూడుకున్నదాంట్లో కొంత మళ్ళీ చెడుతుంది. ఆ కణాలు ఎరుపును పెద్దగా పట్టించుకోవు, ముసలాయన టార్చికి చుట్టిన ఎర్ర కాగితం అందుకూ పనికొస్తుంది.

ఇసుకలో కూర్చున్నాం. మా అబ్బాయి రెండుసార్లు "ఇంకెంతసేపు నాన్నా" అన్నాడు, తర్వాత అడగలేదు. చాలాసేపటికి ముందు వాడి చెయ్యి కనిపించింది, తర్వాత కంచె, తర్వాత అలల మీద సన్నని నురగ గీత. ఆ గీతకూ మాకూ మధ్య ఇసుక మీద చిన్నగా, నల్లగా ఏదో కదిలింది.